వియ్యపురాలి చెవిలో నా మిషన్

మంగళవారం పొద్దున పది గంటల ఇరవై నిమిషాలకు మా దొంగతనం బయటపడింది. టైము నాకు కచ్చితంగా తెలుసు. ఆ క్షణంలో ఎవరి ముఖమూ చూడలేక గోడ గడియారాన్ని చూశాను. దొంగతనం అని నేనంటున్నాను గానీ, నిజానికి ఎవరూ ఎవరిదీ ఎత్తుకుపోలేదు. నేనే ఇచ్చాను. ఇవ్వాలని మాత్రం ఇవ్వలేదు. అదెలాగో చెప్తాను.

ముందు నా చెవుల సంగతి. పెళ్లయిన ఏడాది నుంచి అమెరికా వచ్చేదాకా నేను సాంచెల షెడ్డులో కండెలకు నూలు చుట్టాను. సాంచెలంటే కరెంటు మగ్గాలు. షెడ్డు నిండా అవి ఒకేసారి ఆడుతుంటే పక్క మనిషి మాట వినపడదు, పెదాలు చూసి అర్థం చేసుకోవాలి. మేం ఆడవాళ్లం అక్కడ సైగలతోనే తిట్టుకునేవాళ్లం. ఆ పని మానేశాక చెవుల్లో ఒక కూత మిగిలింది. ప్రెషర్ కుక్కర్ విజిల్ వేయబోయే ముందు సన్నగా ఈల తీస్తుందే, అది. ఆ విజిల్ మాత్రం ఎన్నటికీ రాదు. వస్తే స్టవ్ కట్టేసి నిశ్చింతగా కూర్చుందును.

రెండో సంగతి, నా చదువు. నాకు అక్షరాలు అరవై దాటాక వచ్చాయి, అదీ అమెరికాలో. ఆదివారాలు గుడి వెనక హాల్లో పిల్లలకు తెలుగు చెప్తారు. మా మనవరాలిని అక్కడ కూర్చోబెడితే మాటిమాటికీ లేచి పారిపోయేది. పట్టుకుని కూర్చోబెట్టడానికి నన్ను పక్కన వేశారు. పిల్లకు గుణింతాలు మొదలవకముందే స్విమ్మింగ్ క్లాసులో సీటు దొరికింది, వెళ్లిపోయింది. నేను మిగిలాను. ఆరేళ్ల పిల్లల మధ్య చిన్న ప్లాస్టిక్ కుర్చీలో, మోకాళ్లు గడ్డానికి తగిలేట్టు కూర్చుని నేర్చుకున్నాను. టీచరమ్మది నా కూతురి వయసు. "ఆంటీ, సూపర్‌గా రాశారు" అని నా కాగితం మీద నక్షత్రం అంటించేది. ఆ నక్షత్రాలు ఇప్పటికీ మా ఫ్రిజ్ మీద ఉన్నాయి. తీస్తే ఊరుకోను.

అక్షరాలైతే వచ్చాయి గానీ చదవడం నోటితోనే వచ్చింది. పైకి చదివితేనే నాకు అర్థమయ్యేది. ఇండియన్ స్టోర్‌లో గోంగూర పచ్చడి సీసా పట్టుకుని మూత మీది మాటల నుంచి అడుగున ఉన్న మాటల దాకా గట్టిగా చదివితే జనం పక్క వరసలోకి తప్పుకునేవాళ్లు. మా అమ్మాయి పుస్తకం పట్టుకుని కిమ్మనకుండా పేజీలు తిప్పుతుంటే, చదవకుండానే తిప్పుతోందని చాలాకాలం అనుకున్నాను. ఒకరోజు అడిగాను కూడా.

"మనసుల చదువుకుంటున్న అమ్మా" అంది.

మనసులో చదువుకోవడం! ఆ సంగతి తెలిసినప్పటి నుంచి నాకు అదే యావ పట్టుకుంది. మా ఆయన బొంబాయి దగ్గర భివండీలో మగ్గాల మీద పనిచేసిన రోజుల్లో ఉత్తరాలు రాసేవాడు. వాటిని వాడలో చదువొచ్చిన ఒకాయన అరుగు మీద కూర్చుని చదివి పెట్టేవాడు, అదీ గొంతు సవరించుకుని, నాటకంలో పాత్రలాగా. మా ఆయన నన్ను తలుచుకుంటున్నాడన్న మాట నాతోపాటే అరుగు కింద కూర్చున్న పదిమందికీ తెలిసేది. ఆయన పోయాక ఆ ఉత్తరాలు ఏమయ్యాయో కూడా నాకు తెలియదు. నాకొచ్చిన ప్రతి మాటా ఎవరో ఒకరి నోటి మీదుగానే వచ్చింది. ఒక్క పేజీ అయినా, ఎవరి నోరూ లేకుండా, చివరికి నా నోరు కూడా లేకుండా చదువుకోవాలి. నేను నగలు అడగలేదు, కాశీ అడగలేదు. ఇదొక్కటే అడిగాను.

కానీ నోరు మూసుకుని పుస్తకం తెరిస్తే చాలు, కూత లేస్తుంది. మాట ఉండాల్సిన చోట అది కూర్చుంటుంది. రెండో లైనుకు వచ్చేసరికి మొదటి లైనులో ఏముందో గుర్తుండదు. పైకి చదివితే కూత కాస్త వెనక్కి తగ్గుతుంది, కానీ పక్క గదిలోంచి మా వియ్యపురాలు దగ్గుతుంది. ఆ దగ్గుకు జలుబుతో సంబంధం లేదు.

వియ్యపురాలంటే మా అల్లుడి తల్లి. ఇద్దరికీ భర్తలు పోయారు, ఇద్దరికీ పిల్లలు ఇక్కడే ఉన్నారు, అందుకని ఇద్దర్నీ ఒకే ఇంట్లో పక్కపక్క గదుల్లో పెట్టారు. ఆమెది కృష్ణా జిల్లా, పెద్ద ఆఫీసరు భార్య, ఇంటర్ దాకా చదివింది. నాది తెలంగాణ, కండెల పని. ఈ తేడాలేవీ పెద్దవి కావు. అసలు తేడా ఒక్కటే. ఆమె పిల్లవాడి వైపు, నేను పిల్ల వైపు. ఈ పెళ్లి జరిగి ఇరవై ఏళ్లు దాటింది, అయినా ఆ పెళ్లి నాకు ఇంకా అయిపోలేదు. కారులో ముందు సీటు ఆమెది. మొదటి కాఫీ ఆమెది. పూర్ణాల్లో నెయ్యి బాగా పట్టినవి ఆమెవి. నేను లేచి "మీరు కూర్చోండి వదినా" అనాలి. ఆమె "అయ్యో, ఫర్వాలేదండీ, మీరు కూర్చోండి" అనాలి. రెండుసార్లు అటూ ఇటూ అనుకున్నాక ఎవరి కుర్చీలో వాళ్లు కూర్చోవాలి. ఇదీ లెక్క. ఈ లెక్క తప్పనంతకాలం మా ఇద్దరికీ పేచీ లేదు.

ఆమెకూ చెవుల్లో చప్పుడు ఉంది. మొదట్లో దాన్ని ఓంకారం అనేది.

"నాకు లోపల్నుంచి ఓంకారం వినిపిస్తుందండీ వదినగారూ. అది అందరికీ వచ్చేది కాదు."

"ఎప్పటిసంది?"

"బీపీ మాత్ర మార్చినప్పటి నుంచీ."

నేను నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్లాను. కొన్నాళ్లకు ఆ ఓంకారం ఆమెను సీరియల్ కూడా సరిగా వినకుండా చేసింది. అప్పుడు అది జబ్బు అయింది.

మా అమ్మాయికి ఆఫీసులో ఎవరో చెప్పారు, యూనివర్సిటీ వాళ్లు చెవుల్లో మోతకు ఒక వైద్యాన్ని పరీక్ష చేస్తున్నారని. మందూ మాకూ లేదట. చప్పుడుతోనే చప్పుడుకు వైద్యమట. ఇద్దర్నీ చేర్పించింది. ఒకే రోజు, ఒకే కారులో, ఒకే లీవుతో అయిపోతుందని దాని ఆశ.

అక్కడ మమ్మల్ని చూసింది ఒక తెల్లావిడ. పొడుగ్గా, ఓపిగ్గా ఉంది. ఆమె డాక్టర్ కాదు, ఆడియాలజిస్ట్ అని మా అమ్మాయి ఎన్నిసార్లు చెప్పినా నేను డాక్టరమ్మ అనే పిలిచాను. అక్కడి రూలు ఏమిటంటే, ఇంటివాళ్లు మాటలు చెప్పకూడదు. దానికో మనిషి ఉండాలి. ఆ మనిషి ఒక తెరలో ఉంటాడు. చక్రాల స్టాండు మీద తెరను తోసుకొచ్చి మా ముందు నిలబెడితే అందులోంచి ఒక తెలుగాయన నమస్కారం పెట్టాడు. ఏ రాష్ట్రంలో కూర్చున్నాడో తెలియదు. డాక్టరమ్మ ఇంగ్లీషు మాట ఆయన తెలుగు చేస్తాడు, మా తెలుగు ఇంగ్లీషు చేస్తాడు. ఆ తెలుగు మాత్రం దేవుడికి దరఖాస్తు పెట్టినట్టు ఉండేది.

"అమ్మా, మీ కర్ణనాదము యొక్క తీవ్రత దినములో ఏ సమయమున అధికముగా ఉండును?"

నేను మా అమ్మాయి వైపు తిరిగాను. "గాయన ఏమంటుండే?"

"కూత ఎప్పుడు ఎక్కువుంటదని అడుగుతుండు."

ఆయన వెంటనే ఆ రెండు మాటలూ ఇంగ్లీషులో చెప్పేశాడు. డాక్టరమ్మ నవ్వింది. గదిలో ఎవరు ఏమన్నా ఒక్కటీ వదలకుండా చెప్పడం ఆయన డ్యూటీ అని అప్పుడే మాకు వివరించారు. విన్నాం, మరిచిపోయాం.

ఒక ఇనుప బీరువాలాంటి గదిలో కూర్చోబెట్టి రకరకాల ఈలలు వినిపించారు. మీ చెవిలోది ఇదేనా, ఇంకా సన్నదా, ఇంకా గట్టిదా అని అడిగారు. బజారులో జాకెట్టు ముక్కకు మ్యాచింగ్ చూసినట్టు చూశారు. చివరికి నా కూత దొరికింది. ఇన్నేళ్లు నాకొక్కదానికే వినపడిన కూత బయట స్పీకర్లో వినపడితే ఒళ్లు జలదరించింది. "అదే! అదే ముండ!" అని అరిచాను. ఆ తెలుగాయన దాన్ని ఏమని చెప్పాడో నాకు తెలియదు.

తర్వాత డాక్టరమ్మ వైద్యం ఏమిటో చెప్పింది. కూత పోదట. చెవి కంటే మెదడు దాన్ని ఎక్కువ పట్టించుకుంటోందట, శత్రువు వచ్చినట్టు ఉలిక్కిపడుతోందట. చెవి వెనక చిన్న మిషన్ పెట్టుకుంటే అందులోంచి సన్నగా ఒక చప్పుడు వస్తూ ఉంటుంది. అది కూతను ముంచేయకూడదు, కూతకంటే కాస్త తక్కువగానే ఉండాలి. రెండూ పక్కపక్కనే వింటూ వింటూ, కొన్ని నెలలకు మెదడు కూతను లెక్కచేయడం మానేస్తుందట. ఇంట్లో ఫ్రిజ్ మోగుతున్నా మనం వినం కదా, అలాగ.

అంటే జబ్బు నయం కాదు, దాంతో కాపురం చేయడం నేర్పిస్తారు. "ఈ వైద్యం మా అత్త మీద నేను పెండ్లయిన కొత్తల్నే చేసిన" అన్నాను. అది కూడా ఇంగ్లీషులోకి వెళ్లింది. డాక్టరమ్మ మళ్లీ నవ్వింది, వియ్యపురాలు నవ్వలేదు.

ఇంకో మాట కూడా చెప్పారు. ఇది పరీక్ష కాబట్టి మిషన్లు రెండు రకాలు. కొన్ని అసలువి, కొన్ని చూడటానికి అలాగే ఉండి అంతగా పని చేయనివి. ఎవరికి ఏది వచ్చిందో మాకు చెప్పరు, డాక్టరమ్మకు కూడా తెలియదు. ఎవరి చెవికి సరిపడా వాళ్ల మిషన్లో చప్పుడు పెట్టి ఇచ్చారు. నా పెట్టె మీద ఆకుపచ్చ చుక్క, ఆమె పెట్టె మీద తెల్ల చుక్క అంటించారు.

చెవికొకటి, ఒక్కో మిషన్ వేరుశనగ గింజకంటే కాస్త పెద్దది. అందులోంచి వచ్చే చప్పుడు చాటలో బియ్యం చెరిగినట్టు ఉండేది. మొదటి వారం విసుగొచ్చింది. ఇప్పుడు చెవిలో ఇద్దరు కాపురం ఉన్నారు, అద్దె మాత్రం ఎవరూ కట్టరు అనుకున్నాను. తర్వాత ఒక పొద్దున కిటికీ దగ్గర కూర్చుని, గుడిలో ఎవరో వదిలేసిన పాత వారపత్రిక తీశాను. ఒక కథ. నోరు మూసుకుని మొదలుపెట్టాను. అలవాటుకొద్దీ పెదాలు కదులుతుంటే వాటి మీద వేలు పెట్టుకున్నాను. కూత ఉంది, బియ్యం చెరిగే చప్పుడూ ఉంది, ఆ రెండింటి పక్కనుంచి మాటలు లోపలికి వచ్చాయి. అందులో ఒకావిడ బస్సు దిగి, గొడుగు బస్సులోనే మరిచిపోయిందని గుర్తుచేసుకుంది. అది నాకు తెలిసింది. నాకొక్కదానికే తెలిసింది! ఇంట్లో ఎవరికీ ఆ గొడుగు సంగతి తెలియదు. సగం పేజీ చదివి పత్రిక మూసి, ఏదో మంచి దొంగతనం చేసినదానిలా ఇల్లంతా తిరిగాను.

ఆ సంతోషం నా ముఖం మీద కనపడి ఉంటుంది. అదే నా కొంప ముంచింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం అందరం భోజనాల దగ్గరున్నాం. వియ్యపురాలు అన్నంలో పప్పు కలుపుతూ, కొడుకు వినేట్టుగా అంది.

"నాకిచ్చింది ఉత్త డొల్లండీ. చప్పుడు వస్తుందో రాదో కూడా తెలీదు. వదినగారిది అసలుది పడ్డట్టుంది. ముఖం చూడండి, ఎలా వెలిగిపోతుందో."

అల్లుడు పళ్లెంలోకి చూస్తూ "అమ్మా, అది ర్యాండమ్ అమ్మా" అన్నాడు.

"ర్యాండమో ఏదో. మనకు మాత్రం డొల్ల వచ్చింది."

టేబుల్ దగ్గర ఒక నిశ్శబ్దం వచ్చింది. ఆ నిశ్శబ్దం ఎవరు నింపాలో నాకు తెలుసు. పిల్ల వైపు వాళ్లు నింపాలి. ఆలోచించే పని లేకుండా నోట్లోంచి మాట వచ్చేసింది.

"అట్లయితే నాయి మీరు తీస్కోండి వదినా. నాకు ఏదైతేంది!"

ఇప్పుడు ఆమె "అయ్యో, వద్దండీ, అదేం మాట" అనాలి. నేను "ఏం గాదు తీస్కోండి" అనాలి. ఆమె "వద్దులెండి" అనాలి. అందరం పెరుగన్నంలోకి వెళ్లిపోవాలి. ఇరవై ఏళ్లుగా అలాగే నడిచింది.

ఆమె ఎడమ చెయ్యి చాపింది.

"అంతగా మీరంటుంటే నేనేం కాదంటాను లెండి."

నేను చాపిన చేతి వంక చూశాను. కూతురి వంక చూశాను. అది అప్పటికే పళ్లెం తీసుకుని సింక్ దగ్గరికి వెళ్లింది, నీళ్ల చప్పుడులో ఏమీ విన్నట్టు లేదు. అల్లుడు విన్నాడు గానీ, ఈ రెండు వైపుల మధ్య ఏ మాటన్నా తనకే చుట్టుకుంటుందని తెలిసినవాడు, ఊరగాయ వైపు చూశాడు. నేను రెండు చెవుల నుంచీ మిషన్లు తీసి ఆమె అరచేతిలో పెట్టాను. ఆమె స్పిరిట్ దూదితో శుభ్రంగా తుడుచుకుంది. మర్యాదకు తన తెల్ల చుక్క పెట్టె నాకిచ్చింది.

ఆమె మిషన్లో చప్పుడు ఉంది, కానీ నా కూత ముందు అది ఎక్కడో పక్క వీధిలో ఎవరో ఊడుస్తున్నట్టు ఉంది. మళ్లీ నోరు మూస్తే కూతే. వారపత్రికలోని ఆ ఆడమనిషి గొడుగు కోసం వెనక్కి వెళ్లిందో లేదో తెలుసుకోవడానికి పైకి చదవాల్సి వచ్చింది. మూడో వాక్యానికి పక్క గదిలోంచి దగ్గు వచ్చింది. పత్రిక మూసేశాను. కోపం నా మీదా ఆమె మీదా సమానంగా వచ్చింది. తిరిగి అడుగుదామా? ఇచ్చిన వస్తువును అల్లుడి తల్లి దగ్గర తిరిగి అడిగిన ఆడమనిషిని నేను మా వైపు చూడలేదు. అడిగితే రేపు నా కూతురు ఏం వినాల్సి వస్తుందో? ఆమె దాన్నేమీ అనేది కాదు, అది వేరే సంగతి. భయానికి కారణం అక్కర్లేదు.

ఆమె మాత్రం సోఫాలో కళ్లు మూసుకుని కూర్చునేది.

"ఎట్లుంది వదినా?"

"హాయిగా ఉందండీ. సముద్రం ఒడ్డున కూర్చున్నట్టు."

సముద్రం ఒడ్డున కూర్చున్న మనిషి నుదుటికి అంత జండూబామ్ ఎందుకో నాకు అర్థం కాలేదు. అడగలేదు.

అలా ఉండగా ఆ మంగళవారం వచ్చింది. మిషన్లు ఎలా పనిచేస్తున్నాయో చూసే రోజు. మా అమ్మాయి కారు నడిపింది, వియ్యపురాలు ముందు సీట్లో కూర్చుంది, నేను వెనక. గదిలోకి వెళ్లేసరికి తెర స్టాండు మూలన ఉంది, తెర నల్లగా ఉంది. ఆయన ఇంకా రాలేదనుకున్నాను. మా అమ్మాయికి ఆఫీసు నుంచి ఫోన్ వస్తే తలుపు దగ్గర నిలబడి మాట్లాడుతోంది. డాక్టరమ్మ మిషన్లను వైరుతో కంప్యూటర్‌కి కలిపి చూడాలని చేతులతో సైగ చేసి, మాకు వీపు పెట్టి కంప్యూటర్ తెరుస్తోంది.

వియ్యపురాలి ముఖం పాలిపోయింది. నా వైపు వంగింది.

"వదినగారూ, దాంట్లో నంబర్లుంటాయేమోనండీ. పట్టుకుంటుంది. తీయండి, తీయండి, త్వరగా మార్చేసుకుందాం."

"గిప్పుడా? బాత్రూంల మార్చుకుంటే అయిపోతుండె గద!"

"నాకేం తెలుసండీ కంప్యూటర్‌కి పెడతారని?"

"ఇంటర్ చదివినోళ్లు, మీకే తెల్వకుంటే నాకేం తెలుస్తది?"

"అరవకండి! గుసగుసగా చెప్పండి!"

చెవుల జబ్బున్న ఇద్దరు ఆడవాళ్ల గుసగుస మూడు గదులకు వినపడుతుంది. అయినా తెలుగులోనే కదా అని మా ధైర్యం. అప్పుడు ఆ నల్ల తెరలోంచి ఆ తెలుగాయన గొంతు వచ్చింది, ఇంగ్లీషులో, తీరిగ్గా, ఒక్కొక్క వాక్యం. బొమ్మ రాలేదు అంతే, ఆయన ఎప్పుడో వచ్చి కూర్చున్నాడు. నాకు ఇంగ్లీషు రాదు గానీ అందులో 'ఎక్స్‌చేంజ్' అన్న మాట తెలుసు, 'బాత్రూమ్' అన్న మాట తెలుసు. డాక్టరమ్మ మెల్లగా మా వైపు తిరిగింది. తలుపు దగ్గర మా అమ్మాయి చేతిలో ఫోన్ కిందికి దిగింది. నేను గడియారం వైపు చూశాను. పదీ ఇరవై.

"అమ్మా," అంది నా కూతురు, "ఏం చేసిన్రే మీరిద్దరు?"

అది కూడా ఇంగ్లీషులోకి వెళ్లింది.

డాక్టరమ్మ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. కుర్చీ దగ్గరికి లాక్కుని, ఎప్పటి నుంచి, ఎందుకు అని అడిగింది. ఆయన తెలుగు చేశాడు.

"మీరిరువురూ పరికరములను పరస్పరం మార్చుకొనుటకు కారణమేమిటని అడుగుచున్నారమ్మా."

నేను చెప్పాను. ఆమె పిల్లవాడి తల్లి అని, నేను పిల్ల తల్లినని, ఆమె బాగోలేదంటే నాది ఇవ్వడం మర్యాద అని. ఆయన ఇంగ్లీషు మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయి, మొదటిసారి మామూలు మనిషిలా మాట్లాడాడు.

"అమ్మా, ఇది ఆవిడకి ఎక్కట్లేదండి. మర్యాద కోసం చెవి మిషన్ ఎవరిస్తారంటున్నారు. కొంచెం వేరేగా చెప్పగలరా?"

మా అమ్మాయి నోరు తెరవబోతే డాక్టరమ్మ చెయ్యెత్తి ఆపింది. ఆ రూలు ఆమె మరిచిపోలేదు. బయటికి వెళ్లి, ఎవరితోనో ఫోన్లో మాట్లాడి వచ్చింది. ఈ పరీక్ష నడిపే పెద్దాయన చెప్పినదేమిటంటే, జరిగింది జరిగినట్టు రాసుకుంటారట. ఎవరి మిషన్ వాళ్లు తీసుకుని, ఇక మార్చుకోబోమని మాటిస్తే ఇద్దరమూ పరీక్షలో ఉండొచ్చు. వద్దనుకుంటే మిషన్లు ఇచ్చేసి వెళ్లిపోవచ్చు. ఎవరికి వారు విడివిడిగా చెప్పాలి, ఇంకొకరి తరఫున చెప్పకూడదు.

ముందు నా వైపు తిరిగింది. మీకేం కావాలి?

నా జన్మలో ఈ ప్రశ్న నన్ను ఎవరైనా అడిగారేమో గుర్తులేదు. అడిగినా "మీ ఇష్టం" అని ఉంటాను. నా ప్రాణం అక్కడ వియ్యపురాలి చెవుల వెనక, తెల్ల జుట్టు కింద ఉంది. తలుపు దగ్గర కూతురు కళ్లతోనే వద్దు వద్దు అంటోంది, ఏది వద్దంటోందో నాకు తెలియలేదు. ఇప్పుడు "ఆమెకే ఉండనీ" అంటే పెళ్లి సంబంధం చల్లగా ఉంటుంది. నేను పైకి చదువుకుంటూ, దగ్గు వింటూ, చచ్చేదాకా అలాగే ఉంటాను.

"అవి నాయి" అన్నాను. "నాకు గావాలె."

వియ్యపురాలు గడ్డం ఎత్తింది. "మీరే కదండీ ఇచ్చారు."

"ఇచ్చిన. మీరు వద్దంటరని ఇచ్చిన."

తెరలో ఆయన ఒక్క క్షణం ఆలోచించి, చెప్పేశాడు. డాక్టరమ్మ కనుబొమలు జుట్టులోకి వెళ్లిపోయాయి.

"వద్దంటారని ఇవ్వడమేంటండీ, విడ్డూరం కాకపోతే? మా వైపు ఇచ్చింది పుచ్చుకుంటాం."

"ఇరవై ఏండ్లసంది చూస్తనే ఉన్న గద."

"అమ్మా!" అంది నా కూతురు.

"ఏంది అమ్మా? మూడు లైన్లు కడుపునిండ సదువుకోనియ్యదు, దగ్గుతది. ఆ మిషన్ ఉన్నప్పుడు నేను మనసుల చదివిన, తెలుసా నీకు? సగం పేజీ! నోరు తెరవకుంట!"

ఆ గదిలో ఎవరికీ ఆ సంగతి తెలియదు. నేను ఎవరికీ చెప్పలేదు. చెప్తే అది నాకొక్కదానిదే కాకుండా పోతుందని దాచుకున్నాను. ఇప్పుడు ఏ రాష్ట్రంలోనో ఉన్న ఒక మగమనిషి దాన్ని ఇంగ్లీషులో గట్టిగా చదివి వినిపించాడు, అరుగు మీది ఆయన ఉత్తరాలు చదివినట్టే. ఈసారి మాత్రం నాకు సిగ్గనిపించలేదు. చెప్పనీ అనుకున్నాను.

వియ్యపురాలు రెండు చేతులూ చెవుల వెనక్కి పెట్టి మిషన్లు తీసింది. చీర కొంగుతో తుడిచింది.

"నేనేదో సుఖపడిపోతున్నాననుకున్నారా? బుర్రలో పిండిమర ఆడుతోందండీ. తలపోటుకి కళ్లు తెరవలేకపోతున్నా."

"మరి సముద్రం ఒడ్డు అన్నరు?"

"మీరు మర్యాదగా ఇచ్చిందాన్ని బాగోలేదని తిరిగిస్తే మీకెంత అవమానం? అందుకని పెట్టుకుని చస్తున్నా. అడిగితే ఇచ్చేద్దామని చూస్తున్నా. మీరేమో అడగరు!"

ఇందులో సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, తిరిగిచ్చేస్తే ఆమె ఎంచుకున్నది తప్పని ఒప్పుకున్నట్టు అవుతుంది. నాకు తెలుసు. ఆమె స్థానంలో ఉంటే నేనైతే చెవులు పేలిపోయేదాకా పెట్టుకునేదాన్ని.

డాక్టరమ్మ అప్పుడు ఓపిగ్గా చెప్పింది. షెడ్డు పనితో వచ్చిన నా కూతకు తగ్గట్టు నా మిషన్లో చప్పుడు గట్టిగా పెట్టారు, అది ఆమె చెవులకు ఎక్కువ. ఆమె మిషన్లో చప్పుడు తక్కువ, ఎందుకంటే ఆమె ఓంకారం చిన్నది. చప్పుడు కూతను ముంచకపోతే అది పనిచేయనట్టు కాదు, అసలు వైద్యమే అది. వియ్యపురాలు శ్రద్ధగా విని, "అయినా నాది డొల్లేనండీ" అంది. ఆయన అది కూడా చెప్పాడు.

నా మిషన్లు నేను పెట్టుకున్నాను. బియ్యం చెరిగే చప్పుడు మొదలైంది. మార్చుకోబోమని ఇద్దరం చేతులు జోడించి మాటిచ్చాం. మొదట్నుంచి మొదలుపెట్టాలని, ఇంకా చాలా నెలలు పడుతుందని, పని చేస్తుందని మాట ఇవ్వలేనని డాక్టరమ్మ అంది. మాట ఇవ్వని డాక్టర్‌ను నేను చూడటం అదే మొదలు.

ఇప్పుడు నా కూత పోయిందని ఎవరైనా అనుకుంటే వాళ్ల ఇష్టం. ఉంది. నా మిషన్లు అసలువో ఉత్తవో ఇప్పటికీ తెలియదు, పరీక్ష ముగిస్తే గానీ చెప్పరు. కొన్ని రోజులు పేజీ సాగుతుంది, కొన్ని రోజులు రెండు లైన్లకే పత్రిక విసిరేస్తాను. ఆ కథలో ఆవిడ గొడుగు కోసం వెనక్కి వెళ్లిందా లేదా అని వియ్యపురాలు ఒకరోజు అడిగింది, నేను పైకి చదివిన ముక్క విన్నది కాబోలు. తెలుసు గానీ చెప్పలేదు. కావాలంటే చదువుకోమన్నాను. ఇంటర్ చదివింది కదా.

ఆ మంగళవారం పదీ ఇరవైకి ఆ గదిలో ఉన్నవాళ్లు వీళ్లు: నేను, నా చెవి మిషన్లు పెట్టుకుని మా వియ్యపురాలు, ఫోన్ చేతిలో పట్టుకుని తలుపు దగ్గర నా కూతురు, కుర్చీలో వెనక్కి తిరిగిన డాక్టరమ్మ, మూలన నల్ల తెరలో, బొమ్మ లేకుండా గొంతు ఒక్కదానితో, ఆ తెలుగాయన. అల్లుడు రాలేదు. ఆఫీసులో మీటింగ్ ఉందన్నాడు.